వైజాగా, బెంగళూరా

ఆ జూలైలో నాకు రెండు చోట్ల సైకాలజీ డిగ్రీలో సీటు వచ్చింది. ఒకటి విశాఖపట్నంలో, ఇంకొకటి బెంగళూరులో. పన్నెండు రోజుల్లోగా ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి, లేకపోతే రెండూ చేజారిపోతాయి.

ఆ సంగతి నాకంటే ముందు చూసింది జాస్మిన్ మేడం. పి.గన్నవరం జూనియర్ కాలేజీలో ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. నా చేత దరఖాస్తులు పెట్టించింది కూడా ఆవిడే. స్టాఫ్ రూములో రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పరిచి, కళ్ళజోడు పైకి తోసుకుని కూర్చున్నారు.

“బెంగళూరుది నాలుగేళ్ళ ఆనర్సు. పెద్ద ల్యాబు, మంచి లైబ్రరీ. చివరి ఏడు సొంతంగా పరిశోధన చేయిస్తారు. వైజాగ్‌లోది కొత్తగా పెట్టిన కోర్సు. కాపోతే పిల్లల్ని అక్కడి మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళి పని చూపిస్తారంట. మీ నాన్నగారేమన్నారు?”

“వైజాగే అంటున్నారండీ.”

“నువ్వు?”

“బెంగళూరండీ.”

“ఎందుకని?”

“ల్యాబు బాగుంటుందన్నారు కదండీ.”

అబద్ధం. ల్యాబు సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫోన్‌లో నేను చూసుకున్నది ఒక్కటే, మా ఇంటి నుంచి ఎంత దూరమని. రాజమండ్రి వెళ్ళి రైలెక్కితే ఇంచుమించు ఒక పూర్తి రోజు ప్రయాణం. అంత దూరం వెళ్ళిపోతే అమ్మకి నేను కనబడను, నాకు అమ్మ కనబడదు.

నాకు మా అమ్మంటే భయం వేసేది.

అమ్మ పేరు వెంకటలక్ష్మి. నా తొమ్మిదో ఏట కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళింది. మధ్యలో ఒక్కసారి, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చి, నలభై రోజులు ఉండి వెళ్ళింది. మిగతా అమ్మంతా నాకు ఫోన్‌లోనే. చివరి రెండేళ్ళలో ఆ ఫోన్లూ తగ్గిపోయాయి. ఆ మార్చిలో, నా ఇంటర్ పరీక్షల మధ్యలో, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేసింది. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. మనిషి సగమైపోయింది. ఏమైందని నాన్న అడిగితే, “ఏం లేదు, పని మానేసేను,” అంది. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మొదటి వారం అలసట అనుకున్నాం. తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. వంటింట్లో గిన్నె కింద పడితే అమ్మ లేచిపోయి గోడకి వీపు ఆనించి నిలబడేది. ఎవరు తలుపు వేసినా వెంటనే వెళ్ళి బార్లా తీసేది. గడియ చప్పుడు వింటే పెదవులు తెల్లబడిపోయేవి. మా మామ్మ నూకాలమ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, గాలి సోకిందని తాయెత్తు తెచ్చి కట్టింది. అమ్మ చెయ్యి చాపి కట్టించుకుంది. ఎవరేం చెప్పినా మారుమాట లేకుండా చేసేది. అది చూస్తే నాకు మరీ గుబులుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేను మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటుంటే, టీ గ్లాసు పట్టుకొచ్చి నా ముందు నిలబడింది.

“అక్కడ పెట్టమ్మా,” అన్నాను తలెత్తకుండానే. కొంచెం విసుగ్గా అన్నాననుకుంటాను.

“జైన్, మామా,” అంది.

తలెత్తి చూశాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, తల దించుకుని, అలాగే నిలబడి ఉంది. ఆ మాటలు ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తారట. ‘సరే, అమ్మగారూ’ అంది మా అమ్మ నాతో. ఆ టీ నేను తాగలేకపోయాను.

సైకాలజీ చదవాలని అప్పుడే అనుకున్నాను. అమ్మని బాగుచేద్దామని అనుకున్నానని అందరికీ చెప్పుకోవచ్చు, చాలామంది అలాగే అనుకున్నారు కూడా. అసలు సంగతి వేరు. ఇది నాకూ వస్తుందా అన్నది తెలుసుకోవాలి. ఫోన్‌లో వెతికినవన్నీ తల్లికుంటే పిల్లలకి రావచ్చనే చెప్పాయి, ఎలా వస్తుందో, ఎప్పుడు వస్తుందో సరిగ్గా చెప్పలేదు. గిన్నె పడితే నాకూ గుండె దడదడలాడడం మొదలైంది. అమ్మని చూసి భయపడుతున్నానో, అమ్మలాగే భయపడుతున్నానో తేల్చుకోలేక చచ్చేదాన్ని.

సీటు వచ్చిన మూడో రోజున స్నానానికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు గడియ పెట్టకూడదని మేమెవరం మాట్లాడుకోకుండానే నేర్చుకున్నాం. ఆ రోజు అమ్మ గట్టు వైపు వెళ్ళిందనుకున్నాను. రెండు చెంబులు పోసుకున్నానో లేదో తలుపు దబదబ మోగింది.

“తియ్యండి, తలుపు తియ్యండి,” అని అమ్మ గొంతు.

నేను తువ్వాలు చుట్టుకునేలోపే గడియ ఊడి ఎగిరిపడింది. గుమ్మంలో అమ్మ. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. కత్తి వెనకవైపుతో బాదినట్టుంది, వేళ్ళు చిట్లి రక్తం కారుతోంది. నా వైపు చూసింది. నేనెవరో తెలియనట్టు చూసింది. నేను గోడ మూలకి ఒదిగిపోయాను. 

“బయటికి రా. ఇక్కడుండకు, రా,” అని నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. అప్పటికి మొహం మారింది. “దుర్గా, నువ్వా,” అంది. కత్తి కింద పెట్టేసి, పెరట్లో కూలబడింది.

అమ్మ నన్ను బయటికి తియ్యడానికే వచ్చిందని నాకు చాలా రోజులకి గానీ తట్టలేదు. ఆ పూట నాకు కనబడింది కత్తి ఒక్కటే.

నాన్న పేరు గంగాధర్, కొబ్బరి దింపు పని చేస్తాడు. సాయంత్రం వచ్చి ఊడిన గడియ చూశాడు, అమ్మ వేళ్ళకి కట్టిన గుడ్డ చూశాడు. తలుపుకి మిగిలిన మేకులు పీకుతూ, నేను పక్కన నిలబడితే మెల్లగా అన్నాడు.

“వైజాగెళ్ళమ్మా. వైజాగయితే పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు.”

“నేనొచ్చి ఏం చేస్తాను నాన్నా.”

“ఏం చెయ్యక్కర్లేదు. ఉంటే చాలు.” మేకు చేతిలో తిప్పుకున్నాడు. “ఇరవయ్యేళ్ళ నుంచి చెట్లెక్కుతున్నాను. ఎప్పుడూ భయం లేదు. ఇప్పుడు పైకెక్కితే ఇంటికాడ ఏమవుతుందో అనిపిస్తంది. పట్టు తప్పిపోతంది. మొన్న రెండుసార్లు జారేను. మీ మామ్మతో చెప్పకు.”

నాన్నకి భయం వేస్తుందని అంతవరకూ నాకు తెలియదు. అది విని నా మనసు కరగాలి. కరగలేదు. ఈ ఇంట్లో ఆనుకోవడానికి ఒక్క మనిషైనా మిగల్లేదని, ఇంకా తొందరగా వెళ్ళిపోవాలని అనిపించింది.

“నేను బెంగళూరే వెళ్తాను నాన్నా,” అన్నాను.

“సరేలేమ్మా,” అన్నాడు.

ఆరో రోజున గోదారికి ఎర్రనీరు వచ్చింది. మా ఊరు గోదారి పాయల మధ్య లంక. ఏటా వరద వస్తుంది, కాజ్‌వే మునుగుతుంది, నాలుగు రోజులు పడవ మీద తిరుగుతాం, మళ్ళీ నీళ్ళు తీస్తాయి. ఈసారి తియ్యలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నకి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని మైకులో చెప్పుకుంటూ పోయారు. నీళ్ళు మా వీధి అరుగుల దాకా వచ్చేశాయి. అరటితోటల్లో ఆకుల చివర్లు మాత్రం తేలుతున్నాయి. అందరూ పి.గన్నవరం హైస్కూలుకి వెళ్ళిపోవాలన్నారు.

ఆ రోజు నేను చూసిన అమ్మ వేరు. వరదంటే ఆవిడకి భయం లేదు, లంకలో పుట్టిన మనిషి. మామ్మ కంగారుపడుతుంటే, “మీరు కూర్చోండత్తా, నేను చూస్తాను,” అని బియ్యం అటకెక్కించింది, మేకని పొరుగువాళ్ళ పడవలో పంపింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నన్ను కేకేసింది.

“నీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయే?”

చూపించాను. వాటిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, చీర కుచ్చెళ్ళ దగ్గర నడుముకి కట్టుకుంది. పడవలో వాటి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నేను చిన్నప్పుడు ఎరిగిన అమ్మ ఆ పడవలో ఉన్నంతసేపు వచ్చినట్టనిపించింది. అందుకే ఆ మర్నాడు జరిగింది తట్టుకోలేకపోయాను.

స్కూల్లో తరగతి గదికి నలభై మంది. తుంగచాపలు, మూటలు, పిల్లల ఏడుపులు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కసారిగా గాలివాన ముంచుకొచ్చింది. జల్లు గదిలోకి కొడుతోందని, తలుపులు నిలవడం లేదని, వరండాలో ఉన్నవాళ్ళెవరో లాగి బయట గొళ్ళెం పెట్టేశారు. మంచికే పెట్టారు.

ఆ చప్పుడుకి అమ్మ లేచింది. ముందు తలుపు దగ్గరకి మామూలుగానే నడిచింది. తోసింది. రాలేదు. ఇంకోసారి తోసింది. తర్వాత రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది. అరబ్బీలో ఏదో అంటోంది, బతిమాలుతున్నట్టుంది, మధ్యలో “నీళ్ళు, నీళ్ళు” అని తెలుగు. చంటిపిల్లలు గుక్కపట్టారు. జనం లేచి వెనక్కి తగ్గారు. “దెయ్యం పట్టిందే,” అంది ఒకావిడ. “పిచ్చిదాన్ని మన గదిలో పెట్టేరేంటి,” అన్నాడు ఇంకొకాయన. నాన్న పడవల దగ్గర ఉన్నాడు. మామ్మ చేతిలో కొంగు నలుపుకుంటూ ఏడుస్తోంది.

నేను ముందుకి వెళ్ళలేదు. జనంతో పాటు వెనక్కి జరిగాను. కిటికీ దాకా జరిగాను. నా చేతులు అమ్మ చేతుల్లాగే వణుకుతున్నాయి, వాటిని చంకల్లో దాచుకున్నాను. పక్కనున్న పెద్దావిడ, రాజోలు వైపు మనిషి, నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఎవరమ్మా ఆవిడ? నీకేమన్నా అవుతాదా?”

“మా ఊరావిడండీ,” అన్నాను.

సరిగ్గా అప్పుడే ఎవరో బయట గొళ్ళెం తీశారు. అమ్మ బాదడం ఆగిపోయింది. గదంతా నిశ్శబ్దం. నేను అన్న మాట ఆ నిశ్శబ్దంలోనే పడింది. అమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఈసారి నేనెవరో తెలిసే చూసింది. తర్వాత వానలోకి, వరండాలోకి వెళ్ళి కూర్చుంది. ఆ సాయంత్రం వరకూ లోపలికి రాలేదు.

మర్నాడు పొద్దున్న వాన వెలిసింది. అమ్మ వరండా చివర, కాళ్ళు మెట్ల మీదికి చాపుకుని కూర్చుని ఉంది. నేను పాల గ్లాసు పట్టుకెళ్ళాను. ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను.

“కూర్చో,” అంది.

కూర్చున్నాను. మధ్యలో జానెడు దూరం ఉంచాను. నిన్నటి మాట అడుగుతుందనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.

“చివరింట్లో పనికి చేరేటప్పుడు పిల్లలున్నారా అని అడిగేరు,” అంది అమ్మ. “లేరని చెప్పేను. ఉన్నారంటే ఊరెళ్తానంటానని పెట్టుకోరు. రెండేళ్ళూ అలాగే చెప్పేను. భయమేసినప్పుడు నోటికేదొస్తే అదే వస్తది. దానికేం అనుకోకు.”

పాలు చల్లారిపోయాయి. అమ్మ గ్లాసు తీసుకోలేదు, నేను ఇవ్వలేదు.

“ఆ చదువు,” అంది. “రెండు చోట్ల వచ్చిందన్నావు కదా. అందులో ఎక్కడైనా నాలాటోళ్ళని చూస్తారా?”

“నేను డాక్టరునవ్వనమ్మా. ముందు మూడేళ్ళూ పుస్తకాలే.”

“నువ్వు కాదు. నువ్వు చూస్తే నేను చెప్పలేను. నీకు చెప్పే సంగతులు కాదవి.” మెట్ల మీద నీటిగుంట వైపు చూస్తూ అంది. “వేరేవాళ్ళు ఎవరైనా. నన్నెరగనోళ్ళు. అమలాపురంలో అయితే ఎవరో ఒకరు తెలిసినోళ్ళు ఉంటారు. అక్కడా ఇక్కడా చెప్పుకుంటారు.”

“వైజాగ్‌లో పెద్దాసుపత్రి ఉందంటమ్మా. జాస్మిన్ మేడం చెప్పేరు.”

“తాళాలేసి పెడతారా?”

“తెలీదు,” అన్నాను. నిజంగానే తెలియదు. “అడుగుతాను. వేసేటట్టయితే తీసుకెళ్ళను.”

అమ్మ తల ఊపింది. అప్పుడు గ్లాసు తీసుకుంది.

“నిన్న నాకు కూడా చేతులు వణికేయమ్మా,” అన్నాను. అది ఎందుకు చెప్పానో తెలియదు. నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పనిది. “నాకూ వచ్చేస్తుందేమోనని భయమేస్తంది.”

“చూసేను,” అంది. “చంకల్లో పెట్టుకున్నావు. చిన్నప్పుడు ఉరుములొస్తే అలాగే చేసేదానివి. నీకిది ఇప్పుడొచ్చింది కాదు.” పాలు తాగి గ్లాసు కింద పెట్టింది. “అది కూడా వాళ్ళనే అడుగుదాం.”

పదకొండో రోజున జాస్మిన్ మేడం స్కూలుకి వచ్చారు. వాళ్ళ చర్చివాళ్ళతో కలిసి పాలపొడి, దుప్పట్లు పంచుతున్నారు. నన్ను చూసి పక్కకి పిలిచి, తన ఫోన్ తీశారు. మా ఫోన్లు ఛార్జింగు లేక చచ్చిపోయి రెండు రోజులైంది.

“రేపటితో గడువైపోతది. బెంగళూరు నొక్కేయనా?”

“వైజాగండీ.”

వేలు ఫోన్ మీద ఆగిపోయింది. “ఎందుకే? మొన్నటిదాకా బెంగళూరన్నావుగా. ఇంట్లో ఎవరైనా పట్టుబట్టేరా?”

“లేదండీ. మొన్న మీకు ల్యాబు కోసమని చెప్పేను. అబద్ధమండీ. దూరంగా ఉంటుందని అన్నాను.”

ఆవిడ వరండా చివర మామ్మకి తల దువ్వుతున్న అమ్మ వైపు చూశారు. మొన్నటి గొడవ ఆవిడ దాకా వచ్చే ఉంటుంది, స్కూలంతా చెప్పుకుంటున్నారు.

“బెంగళూరు మళ్ళీ రాదమ్మా. అది మంచి సీటు. ఒకసారి ఆలోచించుకో.”

“ఆయ్, తెలుసండీ.”

“భయం పోయిందా మరి?”

“లేదండీ,” అన్నాను. “అలాగే ఉంది.”

మేడం కళ్ళజోడు పైకి తోసుకుని, దరఖాస్తు నంబరు అడిగి, వైజాగ్ సీటు ఖాయం చేశారు. బెంగళూరు పేరు తెర మీద నుంచి మాయమైపోయే దాకా చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ యూనివర్సిటీ ఫోటోలు తీసి చూస్తుంటాను. వాళ్ళ లైబ్రరీకి అయిదు అంతస్తులు.

నీళ్ళు తీశాక ఇంట్లో జానెడు ఒండ్రు. అమ్మా నేనూ పారలతో ఎత్తిపోశాం. ఎవరి భయం వాళ్ళ దగ్గరే ఉంది, కానీ ఒకరి దగ్గర ఒకరం దాచుకోవడం మానేశాం. గిన్నె పడితే అమ్మ గోడకి ఆనుకునేది, నేను వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. కాసేపటికి ఇద్దరం పనిలో పడేవాళ్ళం. మామ్మ చూసి, “మీ ఇద్దరికీ కట్టించాలి తాయెత్తు,” అనేది.

ఆసుపత్రికి జాస్మిన్ మేడమే ఫోన్ చేసి కనుక్కున్నారు. బయటి రోగులని చూసి, మందులిచ్చి పంపేస్తారని, తోడుగా వచ్చినవాళ్ళు పక్కనే ఉండొచ్చని చెప్పారు. ఆ మాట అమ్మ నా చేత మూడుసార్లు చెప్పించుకుంది.

ఆగస్టు రెండో వారంలో అమ్మా నాన్నా నేనూ ముగ్గురం వైజాగ్ వెళ్ళాం. హాస్టల్లో నా పెట్టె దింపి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. దారిలో అమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఆటో ఎక్కడైనా ఆగితే దిగి వెనక్కి వెళ్ళిపోతుందేమోనని నేనూ గట్టిగా పట్టుకున్నాను. నాన్న ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.

ఆసుపత్రి వరండా నిండా జనం. మాలాంటి వాళ్ళే. భర్త చెయ్యి పట్టుకున్న భార్యలు, తల్లి భుజం మీద తల వాల్చిన పెద్ద పెద్ద కొడుకులు. గోడవారగా నిలబడి ఒకమ్మాయి తనలో తను నవ్వుకుంటోంది, నా వయసే ఉంటుంది. ఆ అమ్మాయి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మూడేళ్ళు చదవాల్సింది ఈ మనుషుల గురించే, పారిపోతే ఇప్పుడే పారిపోవాలి అనుకున్నాను. వరుసలో మా వంతు వచ్చింది.

బల్ల వెనక కూర్చున్న ఆవిడ పేరు, ఊరు, వయసు రాసుకుంది. పెన్ను పట్టుకుని తలెత్తింది.

“ఏంటమ్మా ఇబ్బంది?”

నాన్న నా వైపు చూశాడు. చదువుకోబోయేదాన్ని కదా, నేనే చెప్పాలి. నిద్ర పట్టదని చెప్పాలా, ఉలిక్కిపడుతుందని చెప్పాలా, కత్తి సంగతి చెప్పాలా వద్దా అని మాటలు కూడదీసుకుంటున్నాను. ఈలోపు అమ్మ నా చెయ్యి వదిలేసి, బల్ల దగ్గరికి జరిగింది.

“భయమండీ,” అంది.

“ఎప్పట్నుంచి?”

అమ్మ లోపల ఏవో నెలలు గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు ఆగింది. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆవిడ మాత్రం పెన్ను అలాగే పట్టుకుని ఎదురుచూసింది.

“మొదట్నుంచీ చెప్తానండీ,” అంది అమ్మ. “కొంచెం కూర్చోవచ్చా?”